జీరో బిల్లు తప్పిన ఇంటికి సోలార్ కంటే ముందు చూడాల్సింది ఫ్యాను

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకసారి చెప్తాను, మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. దేవరకొండ దగ్గర ఊళ్లో మీ అమ్మ, అన్నావదినలు, ఇద్దరు పిల్లలు ఉంటారు. రెండు గదులు, వంటిల్లు ఉన్న స్లాబ్ ఇల్లు. తెల్ల రేషన్ కార్డు ఉంది, నెలకు 200 యూనిట్ల దాకా ఫ్రీ కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వస్తుండేది. ఏప్రిల్‌లో 231 యూనిట్లు కాలి పద్నాలుగు వందలకు దగ్గరగా బిల్లు వచ్చింది. ఇంతలో ఒకాయన ఇంటికొచ్చి పది వేలు కడితే మూడు కిలోవాట్ల సోలార్ ఫ్రీగా పెట్టిస్తామని, మిగతాదంతా ప్రభుత్వమే కడుతుందని చెప్పాడు. అమ్మ కట్టేద్దామంటోంది, నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు, ఏం చేయాలో తెలియక టెన్షన్ పడుతున్నావు.

ఆ పది వేలు కట్టొద్దని ఇప్పుడే ఫోన్ చేసి అమ్మకు చెప్పు. తర్వాత మిగతాది చదువు.

నేను నల్లగొండ చుట్టుపక్కల ఇరవై ఏళ్లకు పైగా ఇంటి వైరింగ్ పని చేస్తున్నాను, ఈ మధ్య సోలార్ కూడా బిగిస్తున్నాను. సోలార్ వద్దని చెబితే నాకొచ్చే లాభమేమీ లేదు, అయినా మీ ఇంటికి ఇప్పుడు కావలసింది అది కాదు. ఎందుకో మీ బిల్లుతోనే చూపిస్తాను.

గృహజ్యోతి 2024 మార్చి బిల్లుల నుంచి మొదలైంది. అందులో అందరూ పొరబడే విషయం ఒకటుంది. 200 యూనిట్లు ఫ్రీ అంటే, 231 కాలిస్తే పైన ఉన్న 31 యూనిట్లకే డబ్బు కట్టాలని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 200 దాటిన నెల మొత్తం బిల్లు మనమే కట్టాలి. పైగా మన టారిఫ్‌లో 200 దాటగానే శ్లాబ్ మారిపోతుంది, అప్పుడు మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది, 200 పైన ఉన్నవాటికి రూ.7.70. అంటే మీ 231కి 200 యూనిట్ల మీద రూ.1,020, మిగతా 31 మీద రూ.238.70, దాని పైన కస్టమర్ చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం. అట్లా పద్నాలుగు వందలకు చేరింది. 200 దగ్గర ఆగితే సున్నా, 201 అయితే వెయ్యి పైన. ఒక్క యూనిట్ తేడాకి వెయ్యి రూపాయలు. అందుకని మీ ఇంట్లో కరెంటు ఆదా అంటే అర్థం ఒక్కటే, ఎండాకాలం రెండు మూడు నెలలు ఆ గీత దాటకుండా చూసుకోవడం. మీరు తగ్గించాల్సింది 31 యూనిట్లు, సరిగ్గా చెప్పాలంటే నలభై తగ్గితే నిశ్చింత.

ఇప్పుడు ఆ 231 ఎక్కడ కాలాయో చూద్దాం. నువ్వు రాసిన సామాన్ల లెక్క ప్రకారం మూడు పాత ఫ్యాన్లున్నాయి, ఒక్కోటి 75 వాట్లు. ఏప్రిల్‌లో మన దగ్గర ఫ్యాను ఆపేవాళ్లెవరు? రెండు గదుల్లో పద్దెనిమిదేసి గంటలు, వంటింట్లో పది గంటలు వేసుకున్నా నెలకు 103 యూనిట్లు ఫ్యాన్లకే పోయాయి. కూలర్ రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే 40 పైన. పన్నెండేళ్ల పాత ఫ్రిజ్ ఒక 40. చోకు ఉన్న పాత ట్యూబ్‌లైట్లు రెండింటికి 15. బల్బులు ఎల్‌ఈడీవే కాబట్టి అవి ఐదు దాటవు. టీవీ, నీళ్ల మోటారు, మిక్సీ అన్నీ కలిపి ఇరవై. కూడి చూడు, మీ బిల్లు దగ్గరికే వస్తుంది. దాదాపు సగం ఫ్యాన్లే తింటున్నాయి. ఎవరిని అడిగినా ఫ్రిజ్ అంటారు, మోటారు అంటారు, ఫ్యాను పేరు ఎవ్వరూ చెప్పరు, ఎందుకంటే అది చిన్నది, కానీ రాత్రింబవళ్లు తిరుగుతుంది.

అదే గాలి ఇచ్చే, తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 28 నుంచి 35 వాట్ల మధ్య నడుస్తుంది. పద్దెనిమిది గంటలు తిరిగే ఆ రెండు ఫ్యాన్లు మార్చినా నెలకు 48 యూనిట్లు తగ్గుతాయి. 231లోంచి 48 తీసెయ్, 183. బిల్లు సున్నా! రెండు ఫ్యాన్లకు ఐదున్నర వేలు అనుకో, నువ్వు చెప్పినట్టు ఏటా రెండు నెలలు బిల్లు పడుతుంటే రెండేళ్లలో డబ్బు తిరిగొచ్చేసింది. ట్యూబ్‌లైట్లు తీసి 20 వాట్ల ఎల్‌ఈడీవి పెడితే ఇంకో తొమ్మిది తగ్గుతాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యానుకి స్టార్ రేటింగ్ తప్పనిసరి చేశారు, కాబట్టి పెట్టె మీద ఐదు చుక్కలు చూసి తీసుకో, చుక్కల పక్కన వాట్లెంతో కూడా చదువు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బీఎల్‌డీసీ ఫ్యాను బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ని తీసేసి వైరు డైరెక్టుగా ఇవ్వమని చెప్పు. ఈ ఫ్యాన్లకు స్పీడు రిమోట్‌తోనో ఫ్యాను బోర్డులోనో మారుతుంది. ఊళ్లో కుర్రాళ్లు పాత రెగ్యులేటర్ ఉంచేసి దాని మీదుగా కనెక్షన్ ఇస్తారు, రెండు నెలల్లో లోపలి బోర్డు కాలిపోతుంది, "ఈ కొత్త ఫ్యాన్లు మన్నవు" అని పేరు పడుతుంది. మన్నకపోవడం ఫ్యాను తప్పు కాదు. ఇంకో మంచి సంగతి, సాయంత్రం బోర్లన్నీ ఆన్ అయి వోల్టేజి పడిపోయినప్పుడు పాత ఫ్యాను ఈడుస్తుంది కదా, ఇవి ఆ తక్కువ వోల్టేజిలో కూడా దాదాపు అదే స్పీడుతో తిరుగుతాయి. మీ అమ్మకు ముందు నచ్చేది అదే.

కొనేముందు ఒక పరీక్ష చెయ్యమని అన్నకి చెప్పు, పైసా ఖర్చు లేదు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది చూశావా. దాని పక్కన 3200 ఇంప్ అనో 1600 ఇంప్ అనో రాసి ఉంటుంది, అంటే అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి, ఒక్క ఫ్యాను ఫుల్లు స్పీడులో పెట్టి, ఫోన్‌లో టైమ్ చూస్తూ లైటు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టాలి. 3200 మీటర్లో 75 వాట్ల ఫ్యానుకి నిమిషానికి నాలుగుసార్లు మెరుస్తుంది. ఐదు నిమిషాలు చూస్తే ఇరవై. కొత్త ఫ్యాను పెట్టాక అదే ఐదు నిమిషాలకు ఎనిమిది. మొన్న ఒక ఇంట్లో పిల్లలతో లెక్కపెట్టించాను, ఆ ఎనిమిది చూశాక ఆ ఇంటాయన ఇంకేం అడగకుండా మూడో ఫ్యాను కూడా మార్చేశాడు.

ఆ పరీక్షలో ఇంకొకటి కూడా బయటపడుతుంది. అన్ని స్విచ్చులు ఆపినా లైటు మెరుస్తూనే ఉంటే ఎక్కడో కరెంటు కారిపోతోందని అర్థం. తిప్పర్తి వైపు ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. ఏమీ నడవకపోయినా నిమిషానికి రెండుసార్లు మెరుస్తోంది. 3200 మీటర్లో రెండంటే దాదాపు 38 వాట్లు, ఇరవై నాలుగు గంటలూ పోతే నెలకు 27 యూనిట్లు. గంటన్నర వెతికాను. బాత్‌రూమ్ వెనకాల మోటారు వైరుకి ఎవరో జాయింట్ వేసి, టేపు లేక పాల ప్యాకెట్ కవర్ చుట్టి దారం కట్టారు. కవర్ ఎండకి చిట్లిపోయి, లోపలి రాగి తీగ ఇనుప పైపుకి ఆనుకొని ఉంది. పిల్లలు ఆ పైపు పట్టుకునే స్నానం చేస్తారు. వానాకాలం అప్పుడప్పుడు జివ్వుమంటోందని వాళ్లే చెప్పారు, తడికి అలాగే ఉంటుందిలే అనుకున్నారట. చూడగానే నాకు చేతులు వణికాయి. అందుకే ఏ ఇంటికి వెళ్లినా ముందు ఎర్తింగ్ చూస్తాను. మీ ఇంట్లో ఎర్తు గుంత ఎక్కడుందో అన్నని చూడమను. ఎండాకాలం ఆ గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యాలి. గుంతే లేకపోతే ఫ్యాను కంటే ముందు అది తవ్వించండి. మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి, అది షాక్ తగిలినప్పుడు వెంటనే కరెంటు కట్ చేస్తుంది. ఖర్చవుతుంది, నిజమే. పిల్లలున్న ఇల్లు, దీని మీద బేరం వద్దు.

ఇప్పుడు సోలార్ సంగతి. ఇంటి కప్పు మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం నిజమైనదే, 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ల లక్ష్యంతో మొదలుపెట్టారు. సబ్సిడీ కిలోవాట్‌కి రూ.30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడోదానికి రూ.18 వేలు, మొత్తం రూ.78 వేలు మించదు. కిలోవాట్ ప్యానెళ్లకు నీడ పడని జాగా వంద చదరపు అడుగులు కావాలి, అది రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మన దగ్గర మూడు కిలోవాట్లకు రెండు లక్షల దాకా అవుతోంది. సబ్సిడీ పోను లక్షా ఇరవై వేలు మనదే. ఆ సబ్సిడీ కూడా ముందు రాదు. నేషనల్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, అందులో పేరున్న వెండర్‌తోనే పెట్టించి, నెట్ మీటరు (మనం వాడిన కరెంటు, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టేది) బిగించి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు తనిఖీ చేశాక మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. తాకట్టు లేకుండా బ్యాంకు లోన్ ఇస్తుంది, కానీ లోన్ లోనే, నెలనెలా కట్టాలి.

మీ ఇంట్లో ఏడాదికి రెండు నెలలే బిల్లు పడుతోంది, మొత్తం రూ.2,800. మిగతా పది నెలలు ఎలాగూ సున్నా. లక్షా ఇరవై వేలు పెట్టి ఏటా రూ.2,800 మిగుల్చుకుంటే అసలు రావడానికి నలభై ఏళ్లు పైన పడుతుంది. ప్యానెల్ ఆయుష్షే పాతికేళ్లు. లోన్ తీసుకుంటే వడ్డీ దీనికి అదనం. జీరో బిల్లు వచ్చే ఇంటి మీద అప్పు చేసి సోలార్ పెట్టమని చెప్పేవాడు మీ మంచి కోరేవాడు కాదు.

పది వేలు అడిగిన ఆయన ఫోన్‌లో కొండారెడ్డిపల్లి వీడియో చూపించి "మీ ఊరు కూడా ఇలాగే" అన్నాడని రాశావు. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలంలోని ఆ ఊరు ముఖ్యమంత్రి సొంతూరు, అక్కడ దాదాపు ఇళ్లన్నిటికీ సోలార్ పెట్టిన మాట నిజమే. కానీ అది ఊరు మొత్తాన్ని ఎంచుకొని చేసిన పైలట్ ప్రాజెక్టు. కేంద్ర సబ్సిడీకి తోడు ఒక కంపెనీ సమాజ సేవ కింద ఇచ్చిన (సీఎస్‌ఆర్) డబ్బు కలిసింది, డిస్కం పని కలిసింది. ఇంటింటికీ తిరిగి పది వేలు వసూలు చేసి పెట్టింది కాదు. మీ ఊరికి అలాంటిది వస్తే గ్రామసభలో చెప్తారు, పంచాయతీ కార్యదర్శికి తెలుస్తుంది, కరెంటాఫీసు ఏఈకి తెలుస్తుంది. వాళ్లెవరికీ తెలియకుండా ఒక్క మనిషికే తెలిసిన ప్రభుత్వ పథకం ఉండదు. మిర్యాలగూడ వైపు ఒకావిడ ఇట్లాగే ఎవరికో పదిహేను వేలు ఇచ్చింది. రసీదు లేదు, పోర్టల్‌లో పేరు లేదు, ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఆధార్, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు కూడా పట్టుకుపోయాడు. భర్త చనిపోయి, కూలికి వెళ్లి కూడబెట్టుకున్న డబ్బు అది. మీ అమ్మ ఇప్పటికే ఆధార్ జిరాక్స్ ఇచ్చి ఉంటే, వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని గట్టిగా చెప్పు.

మీ మామకి పోడు పట్టా (అడవి భూమి సాగు హక్కు పత్రం) ఉందని, ఆయనకి సోలార్ ఇస్తారంటున్నారని కూడా రాశావు కదా. అది వేరే. 2025 మే నెలలో అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలుపెట్టిన ఇందిర సౌర గిరి జల వికాసం పోడు పట్టాలున్న గిరిజన రైతుల చేలల్లో సోలార్ పంపుసెట్లకు. ఇంటి కప్పుకి దానితో సంబంధం లేదు, రెంటినీ కలిపి చెప్తే నమ్మొద్దు.

సోలార్ ఎవరికీ వద్దని కాదు నేననేది. నెలకు మూడు వందల యూనిట్ల పైన కాల్చేవాళ్లు, ఏసీ ఉన్నవాళ్లు, ఇంటి ముందు చిన్న షాపు నడిపేవాళ్లు, గృహజ్యోతి వర్తించనివాళ్లు తప్పకుండా పెట్టుకోవాలి. మూడు వందల యూనిట్లు కాలిస్తే కరెంటు చార్జీలే రూ.1,790, రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు వస్తాయి, అప్పుడు లెక్క కుదురుతుంది. పెట్టుకునేవాళ్లకి మన ప్రాంతంలో మూడు విషయాలు చెప్తాను. ఏప్రిల్, మే ఈదురుగాలులకి స్టాండు లేచిపోకుండా స్లాబ్‌లో బోల్టులు గట్టిగా దిగాలి, ఇటుకలు పెట్టి నిలబెడతామంటే ఒప్పుకోవద్దు. కోతులు ఎక్కువున్న ఊరైతే వైర్లన్నీ పైపులోంచే రావాలి. ఇక మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువని తెలిసిందే, ఆ నీళ్లతో ప్యానెల్ కడిగి ఎండనిస్తే అద్దం మీద తెల్లటి పొర కడుతుంది, ఏడాది తిరిగేసరికి కరెంటు తగ్గిపోతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మంచి నీళ్లతో కడిగి, తడి ఆరకముందే గుడ్డతో తుడిచెయ్యాలి.

ఆ బోరు నీళ్లే మీ కూలర్‌ని కూడా చంపుతాయి. గడ్డి మీద ఉప్పు పేరుకుపోయి గాలి ఆడదు, చల్లదనం రాదు, అందుకని ఇంకో రెండు గంటలు ఎక్కువ తిప్పుతారు. ఎండాకాలం మొదట్లోనే గడ్డి మార్చండి, కిటికీ బయట పెట్టండి, గది లోపల పెట్టి తలుపులు మూస్తే ఉక్క తప్ప ఏమీ రాదు.

ఇంకా ఒక పని ఉంది, ఇది ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. స్లాబ్ మీద తెల్ల సున్నం. మన స్లాబ్ పగలంతా కాగి రాత్రి పన్నెండింటి దాకా లోపలికి వేడి వదులుతూనే ఉంటుంది, అందుకే ఫ్యాను కింద పడుకున్నా వేడి గాలే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది దీని గురించే, చిన్న ఇళ్లకు అది తప్పనిసరి కాదు, కానీ లాభం చిన్న ఇళ్లకే ఎక్కువ. స్లాబ్ శుభ్రంగా ఊడ్చి కడిగి, సున్నం నానబెట్టి వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి, సాయంత్రం పూట స్లాబ్ తడిపి రెండు పూతలు కొట్టాలి. శివరాత్రి వెళ్లాక కొడితే వానల దాకా ఉంటుంది. వానకి పోతుంది, మళ్లీ ఏడు మళ్లీ కొట్టుకోవాలి, పోతే పోయింది. సున్నం కళ్లల్లో పడకుండా చూసుకోండి. బండల మిద్దెలకైతే ముందు సందులు పూడ్చి కొట్టాలి. రేకుల ఇళ్లవాళ్లు కూడా కొట్టొచ్చు, కానీ సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు, నిచ్చెన వేసుకొని పక్కనుంచే కొట్టాలి. రేకు పగిలి కింద పడ్డవాళ్లను చూశాను.

మీటరు ఇంకా నాన్న పేరు మీదే ఉందన్నావు. గృహజ్యోతిలో సున్నా వస్తూ ఉంది కాబట్టి దానికి ఇప్పుడు ఇబ్బంది లేదు, అయినా పేరు మార్పించండి. రేపు ఎప్పుడైనా సోలార్ పెట్టాలన్నా మీటరు మీది పేరు, ఖాతా పేరు ఒకటి కాకపోతే సబ్సిడీ ఆగిపోతుంది. నాన్నగారి మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, ఇంటి కాగితాలు తీసుకొని డిస్కం కస్టమర్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. జీరో బిల్లు అర్హత ఉండీ రానివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, రేషన్ కార్డు, ఆధార్, బిల్లు మీది యూఎస్‌సీ నంబరు (కనెక్షన్ నంబరు) పట్టుకొని ఎంపీడీవో ఆఫీసుకి వెళ్లండి, టౌన్‌లో అయితే మున్సిపాలిటీకి. చాలామందికి ఆగింది ఆ నంబరులో ఒక అంకె తప్పు పడటం వల్లే. అద్దెకున్నవాళ్లకు కూడా వర్తిస్తుంది, ఓనర్ కాదంటే ఊరుకోవద్దు.

మా ప్రభుత్వాలతో నాకున్న కోపం కూడా చెప్పేస్తాను. 2015లో ఎల్‌ఈడీ బల్బులు చవగ్గా ఇచ్చే ఉజాలా పథకం వచ్చాక ఎల్‌ఈడీ బల్బు ధర పడిపోయి ప్రతి గుడిసెకీ చేరింది. ఫ్యాన్ల విషయంలో అంత పట్టుదల కనిపించడం లేదు. జీరో బిల్లు ఇచ్చే ప్రతి యూనిట్‌కి డబ్బు డిస్కంకి కట్టేది ప్రభుత్వమే కదా. 140 యూనిట్లు కాల్చే ఇంటికి రెండు మంచి ఫ్యాన్లు ఇచ్చి చూడండి, నెలకు ముప్పై ఎనిమిది యూనిట్లు తగ్గుతాయి, యూనిట్ రూ.4.80 వేసుకున్నా నెలకు నూట ఎనభై, చలికాలం తీసేసినా మూడున్నరేళ్లలో ఫ్యాన్ల ఖర్చు ప్రభుత్వానికే తిరిగొస్తుంది. ఇందిరమ్మ ఇళ్లు ఇప్పుడు ఊరూరా లేస్తున్నాయి, నారాయణపేట దగ్గర అప్పక్‌పల్లిలో ముగ్గు పోసి మొదలుపెట్టారు. ఐదు లక్షల్లో కట్టే ఆ ఇళ్లకి ఎర్తు గుంత, రెండు మంచి ఫ్యాన్లు, స్లాబ్ మీద సున్నం కూడా లెక్కలో చేర్చితే ఎంత ఖర్చవుతుంది? ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే, స్లాబ్ పోసేరోజు మీటరు బోర్డు నుంచి పైకి ఒక అంగుళం పైపు వేయించి మూత పెట్టుకోండి. తర్వాత సోలార్ పెట్టినా స్లాబ్‌కి కన్నం వెయ్యక్కర్లేదు.

తమ్ముడూ, ఈ ఆదివారం ఊరికి వెళ్తానన్నావు కదా. మీటరు రీడింగ్ తీసిన తేదీ బిల్లు మీద ఉంటుంది, ఆ రోజు అంకె, నువ్వు వెళ్లిన రోజు అంకె రెండూ రాసుకో. రోజుకి ఆరున్నర దాటుతుంటే ఈ నెల కూడా 200 దాటుతుంది, కూలర్ కొంచెం తగ్గించమను. ఇంప్ ఎంత రాసి ఉందో, ఒక్కో ఫ్యానుకి ఐదు నిమిషాల్లో ఎన్నిసార్లు మెరిసిందో, అన్నీ ఆపాక మెరిసిందో లేదో చూసి ఇక్కడే రాయి. ఏ ఫ్యాను ముందు మార్చాలో, ఎక్కడైనా లీకేజీ ఉందో లెక్కవేసి చెప్తాను.